మూడో రికార్డింగులో తుమ్ము

నా దగ్గర ఒకే ఇటాలియన్ ఆపెరాకి, అంటే మొత్తం పాటల్లోనే నడిచే నాటకానికి, మూడు రికార్డింగులున్నాయి. గుంటూరులో, మిర్చి యార్డుకి కూతవేటు దూరంలో కాపురముంటూ ఇదేం పిచ్చయ్యా అని అడగనివాళ్ళు లేరు. కాలేజీలో పాఠాలు చెప్పుకునే రోజుల్లో మద్రాసు ఫుట్‌పాత్ మీద మొదటిది కొన్నాను. భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ గొంతులు నన్ను వదల్లేదు.

మొదటిదాంట్లో హీరోయిన్ గొంతు అద్భుతం. రెండోదాంట్లో వయొలిన్లు ఇంకా అద్భుతం. మూడోది హాల్లో ఆడుతుండగా రికార్డు చేసింది. కుర్చీల కిర్రులు, జనం దగ్గులు. నాకది ఒళ్ళుమంట. మా ఆవిడకి మాత్రం అదే ఇష్టం.

"ఇందులో మనుషులున్నారండీ. ఆ రెండిట్లో ఎవరూ లేని ఇంట్లో పాడుతున్నట్టుంటుంది" అనేది. దగ్గులు వినపడితే, "వాళ్ళ హాలు కూడా మన యార్డు పక్కనే కట్టినట్టున్నారు, పాపం!" అని పడీపడీ నవ్వేది.

చివరి అంకంలో హీరో ప్రియురాలి దగ్గర సెలవు తీసుకుని వెళ్తాడు. మళ్ళీ రాడు. సరిగ్గా అతను బయల్దేరబోతుంటే హాల్లో ఎవరో మహానుభావుడు తుమ్ముతాడు. ఒక్కటే తుమ్ము.

"ఆపండాపండి! ఒంటి తుమ్ము!"

ఆపాల్సిందే. మంచినీళ్ళు తెచ్చి నాకో గ్లాసిచ్చి, తనో గ్లాసు తాగి, కాసేపు కూర్చుని, "ఇప్పుడు వెళ్ళమనండి ఆ అబ్బాయిని" అనేది.

"ఎన్నిసార్లు ఆపినా వాడు చచ్చేవాడేనే" అని కసిరేవాణ్ణి.

"మన ప్రయత్నం మనం చెయ్యొద్దూ?"

పోయిన మిర్చి సీజన్లో తనకి ఆపరేషనని ఆసుపత్రికి బయల్దేరాం. కారు గుమ్మం ముందుంది. గాలి యార్డు వైపు నుంచి వీస్తోంది. గడప దగ్గర నేనే తుమ్మాను. ఒక్కసారే. మా ఆవిడ నా మొహం చూసి, బ్యాగు కింద పెట్టి, కుర్చీ వైపు తిరిగింది.

"నీ చాదస్తం తగలెయ్యా! మిరపకాయల ఘాటుకి తుమ్మాను. డాక్టరుగారు చూస్తుంటారు, పద" అన్నాను.

మళ్ళీ బ్యాగు అందుకుని గడప దాటింది. నాలుగు రోజుల తర్వాత ఇంటికి నేనొక్కణ్ణే వచ్చాను.

తుమ్ము వల్ల పోయిందని నేననుకోను. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు. కానీ కూర్చోనివ్వాల్సింది. ఇంకో రెండు నిమిషాలు ఈ ఇంట్లో, నా ఎదురుగా, గ్లాసు పట్టుకుని ఉండేది. ఆ రెండు నిమిషాల కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుపోతోంది.

గొంతులు, వయొలిన్లు పోల్చి చూడటం మానేశాను. రోజూ పొద్దున్నే మూడోదే పెడతాను. తుమ్ము వినపడగానే ఆపి, రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చుకుని కూర్చుంటాను. ఒకటి తాగుతాను. మళ్ళీ పెట్టబుద్ధి కాదు. ఏడాదిగా ఆ అబ్బాయి ఇంకా బయల్దేరలేదు.