నో గ్రోత్ అంటే నయమైనట్టు గాదు

ఆ పొద్దు మా బాపు కుడికాలు చెప్పుల పట్టీల దూర్తలేదు. వేలు ఎర్రగ ఉబ్బింది. శామీర్‌పేట చెరువుల చేపలు పడ్తడు, షుగరున్నది. రెండు దినాల కింద వల గుంజుతుంటే సీసా పెంకు గుచ్చుకున్నదట, నొప్పి లేదని చెప్పనేలేదు. నేను మెడికల్ షాపుల యాంటీబయాటిక్ తెచ్చి మూడు దినాలు ఏసిన. తగ్గలే.

మేడ్చల్‌ల దవఖానకు తీస్కపోతే డాక్టరమ్మ చీము తీసి, అండ్ల ఏ పురుగున్నదో మొలిపిచ్చి చూసేటందుకు కల్చర్‌కు పంపింది, గోలీలు రాసింది.

కల్చర్ నాకు కొత్త గాదు. పదేండ్ల సంది ల్యాబుల అగర్ ప్లేట్లు పోస్తున్న. అగరంటే సముద్రపు నాచు పొడి. బ్యాక్టీరియాకు తిండి కలిపి ఉడికించి చిన్న పళ్లాలల్ల పోస్తే, సల్లారి జున్ను లెక్క గట్టిపడ్తది. పోసినంక కొన్నిటిని ఉత్తయే వెచ్చటి ఇంక్యుబేటర్ల పెట్టి చూస్తం. ఏం మొలవకుంటే 'నో గ్రోత్' అని రాస్తం. గా మాట రాస్తే ప్లేట్లు సాఫున్నట్టు, మాకు నిమ్మళం.

బాపు రిపోర్టు ఫోన్‌ల వచ్చింది. నో గ్రోత్.

"ఏం లేదు బాపూ, సాఫున్నది" అన్న.

"గట్లయితే ఇగ గోలీలెందుకు బిడ్డా, కడుపుల మంటైతాంది" అన్నడు. డాక్టరమ్మను అడగకుండనే మానిపిచ్చిన. చెరువుకు గూడ పోయిండు.

గోలీలు మానిన ఐదో దినం జ్వరం. వేలు నల్లవడ్డది. డాక్టరమ్మ కట్టు విప్పి, "శాంపిల్ ఇచ్చే ముందు మందులేమైనా వాడారా?" అన్నది. చెప్పిన.

"ఆ మందు వల్లే ప్లేటు మీద ఏమీ మొలవలేదమ్మా. కాలిలో మాత్రం క్రిమి బతికే ఉంది. పైకి పాకితే పాదం తీయాల్సొస్తుంది."

ఇంకెవరి తప్పైతే తిట్టుకుందు. ఇది నా తప్పు, పోయేది బాపు కాలు.

వేలు తీసిన్రు. లోపలి కండముక్క మళ్ల కల్చర్‌కు పంపిన్రు. పదేండ్లల్ల నా ప్లేట్ల ఏదన్న మొలిస్తే తిట్టుకుంట పారేసిన. గా రెండు దినాలు మాత్రం, మొలవాలె దేవుడా అని మొక్కిన. మొలిసింది. ఏ మందుకు సస్తదో తెలిసింది. రెండు వారాలు సూదులిచ్చిన్రు. పాదం దక్కింది.

ఇప్పుడు రబ్బరు బూట్లేస్కొని చెరువుకు పోతాండు. "నీ జున్ను మీద నా పురుగు మస్తు పెరిగిందట గదా" అని ఎక్కిరిస్తడు. నాకు నవ్వు రాదు.

మీరు ఏ గోలీ ఏసినా దాని రేకు షీటు దాచుండ్రి. శాంపిల్ ఇచ్చే ముందు డాక్టరుకు చూపెట్టుండ్రి, అడగకున్నా సరే. మొదటిసారి పోయిన్నాడు గా షీటు నా బ్యాగులనే ఉండె. అడగలేదని నేను తియ్యలే.