చేపల పేగులు, మా మేనత్త గొయ్యి

చిన్నప్పుడు నాకు అంగడి రోజంటే ఏడుపొచ్చేది. మరిపెడ అంగడి నుంచి పిల్లలందరూ మిఠాయి తింటూ వచ్చేవారు. నేను మాత్రం మా మేనత్త వెనక బకెట్ మోసుకుంటూ నడిచేదాన్ని. ఆ బకెట్ నిండా చేపలు కోసేవాళ్లు పారేసిన పేగులు, పొలుసులు, మొప్పలు. "నీసు పిల్ల వచ్చింది, జరుగుండ్రి!" అని తోటిపిల్లలు ముక్కులు మూసుకునేవారు.

మా ఇంటి వెనక కొంచెం నేల ఉండేది. ఉత్త మొరం. మేనత్త ఏటా బీరగింజలు పెట్టేది. తీగ పందిరి ఎక్కకముందే ఎండిపోయేది. కూరగాయలు కొని తినే ఇల్లు కాదు మాది. అందుకే ఆ నేలను ఎలాగైనా లొంగదీయాలని ఆమె పట్టుదల. గొయ్యి తవ్వి, బకెట్‌లోది పోసి, మీద పేడ, ఎండుటాకులు, పొయ్యి బూడిద వేసేది. కుక్కలు తవ్వకుండా తుమ్మకంప కప్పేది.

ఒకసారి బకెట్ నేలకేసి కొట్టి, "నేను రానత్తా, అందరు నవ్వుతుండ్రు" అని ఏడ్చాను. ఆమె తిట్టలేదు. "సరే, రాకు తియ్" అన్నది. ఆ తర్వాత ఒక్కతే మోసుకొచ్చేది.

వానలకు ముందు ఒక పొద్దున నన్ను పిలిచి కళ్లు మూసుకోమంది. ముక్కు దగ్గర ఏదో పెట్టింది.

"ఎట్లుందే వాసన?"

"వాన పడ్డట్టుంది."

"కండ్లు తెరువు. నువ్వు ఏడ్సుకుంట మోసిన బకెటే గిది."

ఆమె గుప్పిట్లో నల్లటి మట్టి. పొడిపొడిగా, చల్లగా ఉంది. ఇంకా కరగని ఒక్క పొలుసు మాత్రం తళుక్కుమంది. ఆ ఏడు మా బీరతీగ పందిరి దాటి పక్కింటి కప్పెక్కింది. నన్ను నీసు పిల్ల అన్నవాళ్లకు కూడా కాయలు నేనే ఇచ్చి వచ్చాను.

ఇప్పుడు చేపల మార్కెట్‌కు సిమెంటు కప్పు వచ్చింది. పేగులు డ్రమ్ములకు డ్రమ్ములు. అన్నీ వెనక కాలువలోకే. ఆ కాలువ మా వాడ బోరింగు పక్కనుంచే పోతుంది. తాగే నీళ్లే నీసు కొడుతున్నాయి. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాను కనుక మార్కెట్ గోడ మీద 'ఇక్కడ చెత్త వేయరాదు' అని చదవగలుగుతున్నాను. సరిగ్గా ఆ రాత కిందే పోస్తారు. మార్కెట్ దగ్గరే పెద్ద గొయ్యి తవ్వడానికి కాస్త జాగా ఇవ్వండని మున్సిపల్ ఆఫీసుకు పోయి అడిగాను. చేపల వ్యర్థాలతో ఎరువు, నూనె, కోళ్ల దాణా చేసే పథకం వస్తోంది, ఆగమన్నారు. నేను ఆగుతాను. పేగులు ఆగుతాయా?

నేను మోయగలిగేది రోజుకు ఒక్క బకెట్. ఇవాళ మా పెరటి గొయ్యిలోని మట్టి గుప్పెడు తీసుకుపోయి, చేపలు కోసే అతనికి చూపించాను. "అవ్వా, పేగుల కూర వండుతున్నవా ఏంది? ఇడుస్తనే లేవు!" అని నవ్వాడు. వాసన చూశాడు. "మంచిగనే ఉందవ్వా" అన్నాడు. అంటూనే డ్రమ్మెత్తి కాలువలో కుమ్మరించాడు.

మా మేనత్త అయితే తిట్టేది కాదు. నేను తిట్టాను. నోరు నొప్పి పుట్టేదాకా తిట్టి, ఇంటికొచ్చి, మళ్లీ గుప్పెడు మట్టి కొంగున ముడి వేసుకున్నాను. రేపు ఆ పక్క కొట్టు అతని ముక్కు దగ్గర పెట్టాలి.