గుమ్మడికాయ తెంపిన సాయంత్రం

మీరెప్పుడైనా గల్లీ మొత్తాన్నీ ఇంటికి పిలిచి, చాపలు పరిచి కూర్చోబెట్టి, అందరి కళ్లముందు మీ పరువును మీరే కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించుకున్నారా? లేదంటారా? అయితే నా కథ వినండి. నేను కత్తిరించుకున్నాను. అదీ సైన్సు పేరు చెప్పి, గట్టిగా ఉపన్యాసమిస్తూ కత్తిరించుకున్నాను. మా గల్లీ వాళ్లకు వర్షాలు లేని ఏడాది కూడా చెప్పుకుని నవ్వుకోవడానికి ఒకటి దొరికిందంటే అది నా పుణ్యమే. పుణ్యం మీద నాకు నమ్మకం లేదనుకోండి, మాటవరసకు అన్నాను.

కొన్నేళ్ల కిందట మేము వనపర్తిలో అద్దెకు ఉండేవాళ్లం. అప్పటికి నేను మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసి, సొంత ఖర్చుతో పుస్తకాలు వేసి, పెళ్లికి వెళ్లినా ముహూర్తం మీద పంతులుతో వాదం పెట్టుకుని అన్నం చల్లార్చుకునే స్థాయికి ఎదిగాను. పొద్దున్నే టీవీ పెడితే పది వేళ్లకు పన్నెండు ఉంగరాలు పెట్టుకున్న ఒకాయన రాశిఫలాలు చెప్పేవాడు. ఒకరోజు నా రాశివాళ్లు నోరు అదుపులో పెట్టుకోవాలన్నాడు. ఆ మధ్యాహ్నమే కేబుల్ తీయించేశాను. మా ఆవిడ పద్మ, ఆయన ఇన్నాళ్లలో నిజం చెప్పింది ఆ ఒక్కరోజేనని, సరిగ్గా ఆ రోజే నాకు కోపం వచ్చిందని ఇప్పటికీ అంటుంది.

కేబుల్ పోయింది, టీవీ మిగిలింది. ఊరి బయట చిన్న రిలే టవర్ ఉండేది. సర్కారు చానల్‌ను గాలిలోకి ఉచితంగా వదిలేది. పట్టుకోవడానికి యాంటెన్నా ఉంటే చాలు. మిడత మీసాల్లాంటి రెండు కడ్డీలున్న ఇండోర్ యాంటెన్నా ఒకటి కొనుక్కొచ్చి కిటికీలో పెట్టాను. తెరమీద బొమ్మ బదులు నువ్వులు ఆరబోసినట్టు చుక్కలు కనిపించాయి. నేను వెనకడుగు వేసే మనిషినా? నోటుబుక్కు తీశాను. కడ్డీలు ఈ కోణంలో ఉంటే ఏమవుతుంది, ఆ కోణంలో ఉంటే ఏమవుతుంది, వెనక స్టీలు తాంబాళం నిలబెడితే ఏమవుతుంది అని రాసుకుంటూ పోయాను. పదిరోజులు చుక్కలే. పదకొండో రోజు చపాతీలు చుట్టే వెండి కాగితం తెచ్చి అట్టకు అంటించి యాంటెన్నా వెనక నిలబెట్టి, స్నానానికి వెళ్లాను. వచ్చి చూస్తే తెరమీద వార్తలు చదివే అమ్మాయి చెవిపోగుల రాళ్లు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. తువ్వాలు చుట్టుకునే నిలబడి నోటుబుక్కులో 'వెండి కాగితం: విజయం' అని రాసి కింద రెండు గీతలు గీశాను.

ఇక గుమ్మడికాయ సంగతి. మా ఇంటి ఓనరు బిచ్చన్న గృహప్రవేశం నాడు వాకిట్లో స్లాబు కింద బూడిద గుమ్మడికాయ ఒకటి వేలాడదీశాడు. పసుపు కుంకుమలు పూసుకుని, ఎండకు ఎండి, తలకు మంగలి దొరకని మనిషిలా అది నన్ను రోజూ చూసేది. తీసేయమని నేను వారానికోసారి బిచ్చన్నతో వాదించేవాణ్ని. ఆయన బీడీ ఆర్పి, "నీకేం అడ్డమొచ్చింది సారు? అది పైన వేలాడుతది, నువ్వు కింద నడుస్తవ్" అనేవాడు. ఈ ఒక్క వాదానికి జవాబు వెతుకుతూ నేను చాలా రాత్రులు మేలుకున్నాను.

ఇలా ఉండగా మురుగుకాల్వ తవ్వే మిషను వచ్చి గల్లీకంతా ఉన్న ఒక్క కేబులునూ తెంపింది. రెండు రోజులుగా ఏ ఇంట్లోనూ టీవీ లేదు, మా ఇంట్లో తప్ప. నేను ఎంత సంతోషించానో చెప్పడం సంస్కారం కాదు.

రెండో రోజు మధ్యాహ్నం మరియమ్మక్క వచ్చింది. మాకు రెండిళ్ల అవతల ఉంటుంది. పదేళ్లు మొగుడితో కలిసి పూణెలో సెంట్రింగు పనులు చేసి వచ్చి, ఇప్పుడు కూలికి పోతోంది. బిజినేపల్లి వైపు ఒక పల్లీ చేనులో కలుపు తీస్తుండగా సర్కారు చానల్ వాళ్లు వ్యవసాయం కార్యక్రమానికి షూటింగు చేసుకుపోయారట. కలుపు గురించి అడిగితే ఈమె నీళ్ల గురించి చెప్పిందట. చేనులో కూలీలకు తాగడానికి చుక్క నీళ్లు ఉండవని, ఆ రైతు పక్కన నిలబడి ఉండగానే చెప్పిందట. ఆయన నవ్వి, కూలోళ్ల మాటలు టీవీలో ఉంచరు, కోసి పారేస్తారు అన్నాడట. ఆ కార్యక్రమం ఆ సాయంత్రం ఆరున్నరకు.

"కోసిండ్రా, ఉంచిండ్రా చూడాలె సారు" అంది. "ఉంచితే రేపు నీళ్ల డ్రమ్ము పెట్టమని గట్టిగ అడుగుత. నేనొక్కదాన్ని చూస్తే ఆయన లేదంటడు. మాతోని పనికొచ్చేటోళ్లందరు చూడాలె. నీ దాంట్ల మంచిగ వస్తదా?"

"చెవిపోగు రాయి కూడా కనిపిస్తుంది, అందరినీ తీసుకురా" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతు మైకు లేకుండానే మైకులో పలికినట్టు వచ్చింది.

ఆరింటికల్లా ముందు గది నిండి, వాకిట్లోకి చాపలు పరచాల్సి వచ్చింది. టీవీని గడప దగ్గరకు జరిపాము. బొమ్మ అద్దంలా ఉంది. మరియమ్మక్క మంచి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఇంకా అరగంట ఉంది. చదువరులారా, ఇక్కడ జాగ్రత్తగా వినండి. నాలాంటి ఉపన్యాసకుడి ముందు ముప్పైమంది కూర్చుని, అరగంట ఖాళీ ఉంటే ఏం జరుగుతుంది? ఆకలిగొన్న మేక ముందు పచ్చి జొన్నచేను పెడితే ఏం జరుగుతుందో అదే.

తరంగాలంటే ఏమిటో చెప్పాను. వెండి కాగితం మహిమ చెప్పాను. 'మహిమ' అన్నందుకు నన్ను నేనే సవరించుకుని 'ధర్మం' అన్నాను. అక్కడినుంచి ప్రశ్నించడం మీదికి, అక్కడినుంచి దిష్టి మీదికి వచ్చాను. చెయ్యి దానంతటదే గుమ్మడికాయ వైపు లేచింది. దీన్ని ఇప్పుడు తెంపితే ఏమీ కాదని, కావాలంటే చూపిస్తానని సవాలు విసిరాను.

వెనక గోడకు ఆనుకుని ఉన్న బిచ్చన్న తొణకలేదు. "తెంపు సారు, ఎట్లయిన మార్చేదే ఉండె. గని ఏమన్న అయితే నీ నోటితోనె ఒప్పుకోవాలె" అన్నాడు.

పద్మ లోపలినుంచి ఏదో అంటోంది. చేతిలో చాయ్ పళ్లెంతో, ఆగండి, ఆ తీగె, అని రెండుసార్లు అంది. నేను వినలేదు. చరిత్రలో గొప్ప ఘట్టాల దగ్గర ఆడవాళ్లు ఏదో ఒకటి అడ్డం చెబుతారని నేను అప్పట్లో అనుకునేవాణ్ని. స్టూలెక్కాను. కాయకు జానెడు పైన తీగను కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని కట్ మనిపించాను. కాయ కిందపడి నాలుగు ముక్కలయింది. నేను స్టూలు మీద రెండు చేతులూ చాచి, "ఏమైంది? ఆకాశం కూలిందా?" అని అడిగాను.

వెనకనుంచి కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు సుయ్ మని చప్పుడు. తిరిగి చూస్తే తెరనిండా నువ్వులు.

బిచ్చన్న తల పైకెత్తి, దిగంతాల దాకా ఒకసారి చూసి, తాపీగా అన్నాడు: "ఆకాశం ఉన్నది సారు. బొమ్మనే పోయింది."

ఆ నవ్వు పక్క గల్లీ దాకా పోయి ఉంటుంది. నవ్వనిది మరియమ్మక్క ఒక్కతే.

"మాకు గుమ్మడికాయలు లేవు సారు, మేం చర్చికి పోతం" అంది. "గని గంటసేపాగి తెంపితే నీ సైన్సుకు ఏమయితుండె?"

స్టూలు దిగి యాంటెన్నా మీద పడ్డాను. కడ్డీలు సాగదీశాను, మడిచాను, అడ్డంగా పెట్టాను. వెండి కాగితం సరిచేశాను, రెండోది అంటించాను. తాంబాళం తెచ్చాను, అదీ చాలక ఇడ్లీ రేకులు తెచ్చాను. ఒక చేత్తో యాంటెన్నా, ఒక చేత్తో తాంబాళం పట్టుకుని, ఎడమకాలు పైకెత్తినప్పుడు తెరమీద ఒక మనిషి నీడలాంటిది కదిలింది. అలాగే ఉండమని అందరూ బతిమాలారు. ఉన్నాను. కాలు వణికింది, నీడా పోయింది. ఈలోగా వాకిట్లో చర్చ మొదలయింది. కొత్త కాయ కడితే వస్తుందని ఒకామె, కొబ్బరికాయ కొడితే చాలని ఇంకొకామె. మల్దకల్‌లో తన మేనత్త ఇంట్లో కూడా ఇలాగే దిష్టి తీగె తీసేసరికి మోటరు కాలిపోయిందని ఒకాయన ప్రమాణం చేస్తున్నాడు.

"దీనికి కారణం ఉంటుంది. కాయకూ బొమ్మకూ సంబంధం లేదు" అని అరిచాను.

"మరి కారణమేంది?" అన్నాడు బిచ్చన్న.

"తెల్వదు" అన్నాను.

ఇరవై ఏళ్ల నా ఉపన్యాస జీవితంలో ఆ మాట వాడడం అదే మొదటిసారి. అప్పుడే టీవీలోంచి ఆ చుక్కల వెనకనుంచి కార్యక్రమం మొదలయ్యే సంగీతం వినిపించింది.

మరియమ్మక్క లేచింది. కాయ కోసం కాదు, కొబ్బరికాయ కోసం కాదు. వాకిట్లోకి వచ్చి తల పైకెత్తి, వేలాడుతున్న తీగ మొండిని చూసింది. తీగ వెంబడి చూపు పైకి పోనిచ్చింది. స్లాబు అంచున కొక్కెం, ఆ కొక్కేన్ని పైనుంచి వంగి వచ్చిన ఇనుప చువ్వకు కలిపిన కట్టు. మిద్దె మీద రేపెప్పుడో పై అంతస్తు కట్టుకుందామని బిచ్చన్న వదిలిపెట్టిన చువ్వలు ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి. తర్వాత ఆమె కిటికీ వైపు చూసింది. మా యాంటెన్నా నుంచి సన్నని తీగ ఒకటి బయటికి వచ్చి, నేను తెంపిన చోటికి కాస్త పైన, గుమ్మడికాయ తీగకు చుట్టుకుని ఉంది.

"ఇది ఎవరు కట్టిండ్రు?"

"నేనే అక్కా" అంది పద్మ. "కిటికీల నుంచి ఊకె పడ్తుండె. పడకుండ తీగెముక్కతోటి దానికి కట్టిన. ఈయన వెండి కాయితం పెట్టి స్నానానికి పోయిన దినమే. అదే చెప్పొస్తే వినకపాయె."

ఆ నిమిషంలో నా నోటుబుక్కులోని రెండు గీతలూ నా మెడకు చుట్టుకున్నాయి. ఒకేరోజు రెండు మార్పులు జరిగాయి. నేను చేసినదాన్నే చూసి విజయం రాసుకున్నాను. అసలు యాంటెన్నా మిద్దె మీది చువ్వలు. దాన్ని మా టీవీకి కలిపింది మా ఆవిడ. తుప్పుపట్టిన కొక్కేనికి తీగ గట్టిగా ఆనేలా లాగి పట్టుకున్నది, మీకు దండం పెడతాను నవ్వకండి, గుమ్మడికాయ బరువు.

మరియమ్మక్క స్టూలెక్కి తీగ మొండిని కిందికి లాగింది. లోపల బొమ్మ వచ్చింది. వదిలింది. పోయింది. మళ్లీ లాగింది. వచ్చింది. పదకొండు రోజుల్లో నేను చేయని పరీక్ష ఆమె మూడు క్షణాల్లో చేసింది. "పూణెల ఎన్ని సలాకలకు కట్టిన ఈ తీగె" అని గొణిగి, "దీనికి బరువు గావాలె. జల్ది" అంది.

నేను పట్టుకుంటానన్నాను. పట్టుకున్నాను. నా చెయ్యి వణికినప్పుడల్లా తెరమీద రైతు పొట్టిగా, పొడుగ్గా సాగుతున్నాడు. అప్పుడు పద్మ లోపలికి వెళ్లి ఒక బరువైన గుడ్డసంచి ఈడ్చుకొచ్చింది. అమ్ముడుపోని నా పుస్తకాలు. మూఢనమ్మకాల మీద నేను రాసినవి, పాతిక కాపీలు. సంచి చెవులు తీగకు బిగించి వదలగానే తీగ సర్రున బిగుసుకుంది, బొమ్మ నిలిచింది. ఇరవై ఏళ్లలో నా రచనలు సమాజానికి చేసిన మొదటి ఉపకారం అదే.

తెరమీద పల్లీ చేను. తలకు తువ్వాలు చుట్టుకున్న మరియమ్మక్క. మైకు పట్టుకున్న మనిషి కలుపు గురించి అడిగాడు.

"కలుపు సంగతి సరే గని సారు" అంది తెరమీద మరియమ్మక్క. "ఇంటికాన్నుంచి తెచ్చుకున్న సీస పదింటికే అయిపోతది. చేను ఆయనది, పల్లి ఆయనది. దప్పి ఒక్కటే మాది."

కోయలేదు. వెనక నిలబడ్డ రైతు ముఖం కూడా కోయలేదు. వాకిట్లో కూర్చున్న కూలీ ఆడవాళ్లంతా ఒక్కసారి ఆమె వైపు తిరిగారు. ఆమె నవ్వలేదు, కొంగుతో మూతి తుడుచుకుని, "ఉంచిండ్రు" అంది. అంతే. మర్నాడు ఆ కూలీలంతా కలిసి రైతును అడిగారు. చేనులో నీలం డ్రమ్ము ఒకటి వచ్చింది, మూతతో సహా.

మర్నాడు పొద్దున నేను తలుపు తీసేసరికి బిచ్చన్న స్టూలు మీద ఉన్నాడు. నా పుస్తకాల సంచికి పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెడుతున్నాడు. ఇదేమిటని గగ్గోలు పెట్టాను. అందులో ఏం రాశానో తెలుసా అని అడిగాను.

"అందుల ఏమున్నదో నాకు తెల్వదు సారు, చదవలే" అన్నాడు. "గని పనిచేస్తున్నది."

ఆ తర్వాత రిలే టవర్ మూతపడింది, మేమూ ఇల్లు మారాం. సంచి మాత్రం అక్కడే ఉంది. బిచ్చన్న ఇవ్వనంటాడు. గల్లీలో కొత్తగా ఇల్లు కట్టుకున్న ఇద్దరు నా దగ్గరకు వచ్చి పాతిక కాపీలు అడిగారు, చదవడానికి కాదు.

కాబట్టి గంభీరంగా ప్రకటిస్తున్నాను. ఏ తీగ ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి పోతోందో చూడకుండా, దాన్ని కట్టినవాళ్లను అడగకుండా, ఈ జన్మలో దేన్నీ తెంపను. ఒట్టు పెట్టుకోవడం నా సిద్ధాంతం ఒప్పుకోదు కనుక కాగితం మీద రాసి, సంతకం చేసి, పద్మ చేతికిచ్చాను. ఆమె దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. మరుజన్మ మీద నమ్మకం లేదు కనుక ఈ హామీకి గడువు పెంచే ప్రశ్న లేదు.

నవ్వారా? నవ్వడం అయిపోతే లేవండి. మీకు చేను ఉంటే, రేపు అక్కడికి కూలీలు వస్తుంటే, వాళ్లు వచ్చేలోపల గట్టుమీద నీళ్ల డ్రమ్ము పెట్టించండి. చేను లేకపోతే, ఉన్నవాణ్ని వెళ్లి అడగండి. ఒక్కరే పోకండి, పదిమందిని వెంటబెట్టుకుని పొండి.