చెరువుకు పెట్టిన తవుడు

వేయించిన తవుడు వాసనకు ఇప్పటికీ కంభం చెరువు గట్టు గుర్తొస్తుంది. గాలం వేసేముందు నాయన తవుడు ముద్దలు నీళ్లలోకి విసిరేవాడు. "మాట్లాడగాకమ్మే" అని, నీళ్ల మీద తేలే గాలం బెండు వంకే చూస్తూ కదలకుండా కూర్చునేవాడు.

మేము కిరస్తానీలం. నాయన దొంగతనంగా గంగమ్మకు నైవేద్యం పెడుతున్నాడని నా అనుమానం. విగ్రహాలకు పెట్టింది ముట్టకూడదని మిషన్ బడి దొరసాని చెప్పింది మరి! ఆ రాత్రి, ఆ తవుడు తిన్న బొచ్చె చేప పులుసు ఘుమఘుమలాడుతున్నా నేను ముట్టలేదు.

మర్నాడు పాస్టరయ్యకు చెప్పేశాను. ఆయన నవ్వి, నా వెంటే చెరువుకు వచ్చాడు. వచ్చి, నాయన పక్కన గొంతుక్కూర్చుని తానే తవుడు పిసికాడు.

"ఇంకొంచెం ఎయ్యబ్బా, దూరంగా ఉండేటియి గూడా వస్తాయి."

అది చేపలకు వేసే మేతని పెద్దయ్యాకే తెలిసింది. అప్పుడు మాత్రం పాస్టరయ్య కూడా చెడిపోయాడనుకున్నాను. ఆదివారం ఆయన ప్రార్థనకు అందరూ ఆమేన్ అన్నారు. నేను పెదవి విప్పలేదు.