దారి ఇచ్చే బొమ్మ

మా పక్కింటి అన్నయ్య పోయారన్న కబురు మధ్యాహ్నం వచ్చింది. విశాఖలో కంప్యూటరు సామాను కొనుక్కుని రైల్లో తిరిగి వస్తూ, టైడా స్టేషను దాటాక కిటికీ పక్కన కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. అప్పుడు నేను బట్టలు మడతపెడుతున్నాను. ఉన్నవన్నీ మడతపెట్టి, పొయ్యి ఆపి, అప్పుడు వెళ్లాను.

అరకు స్టేషను రోడ్డులో ఆయన నడిపిన ఇంటర్నెట్ సెంటరు మీలో కొందరైనా చూసి ఉంటారు. రేకుల కప్పు, వరసగా కంప్యూటర్లు, అన్నిటికీ కలిపి ఒకటే లైను. గదిలో ఒక మూలన చిన్న కెమెరా, గుమ్మం వైపు తిప్పి ఉండేది. ఆయన చెల్లెలు ఎక్కడో దూరదేశంలో కన్యాస్త్రీల మఠంలో ఉంటుంది. ఇంటి మీద బెంగపుట్టినప్పుడు ఈ గుమ్మాన్నైనా చూసుకుంటుందని పెట్టారు.

ఆ కెమెరా పట్టే బొమ్మ అంత దూరమూ వెళ్లి, మళ్లీ మన ఎదుటి తెర మీదకి ఆలస్యంగా వచ్చేది. నేను లోపలికొచ్చి కుర్చీలో కుదురుకున్నాక తెర మీద చూస్తే, అప్పుడే గుమ్మం ఎక్కుతూ కనబడేదాన్ని. మొదటిసారి కుర్చీలోంచి లేచిపోయాను.

"బయమేటి సెల్లీ," అన్నారాయన. "తెరలో ఆవిడ కొంచెం ఎనకాల వస్తన్నాది, అంతే."

జనం ఎక్కువైతే బొమ్మ చెదిరిపోయేది. ముఖాలు గళ్లుగళ్లుగా మారి, కళ్లూ నోరూ కలిసిపోయేవి. అయినా బొమ్మ ఆగేది కాదు. ఎందుకని అడిగితే కాఫీ తోటల మీదుగా వచ్చే సన్న బాట వైపు చెయ్యి చూపేవారు. "దారి ఇరుకైతే ఇది మూటలో సగం దించేసుకుంటది. నడక మాత్రం మానదు." జనం వెళ్లిపోయినా వెంటనే తేటపడేది కాదు. "దారి కాళీ అయ్యిందని బేగి నమ్మదు. కొంచెం ఎత్తుకుని, సూసుకుని, మళ్లీ కొంచెం ఎత్తుకుంటది."

ఆ బాటలో బరువు మోసుకొచ్చేవాళ్లు ఎదురైతే ఒట్టి చేతులవాళ్లు పక్కకి దిగి నిలబడతారు. సెంటరులోనూ ఆయన అదే పద్ధతి పెట్టారు. ఎవరైనా దూరాన ఉన్న తమవాళ్లను చూస్తుంటే, మిగతావాళ్లు తమ పని ఆపేసి చేతులు ఒళ్లో పెట్టుకోవాలి.

చెల్లెలు మఠంలో కన్యాస్త్రీగా శాశ్వత వ్రతం పట్టిన రోజే ఇంటర్ ఫలితాలు వచ్చాయి. గది నిండా పిల్లలు. ఆయన తల్లి, మేం పెద్దమ్మ అంటాం, మఠం నుంచి వచ్చే బొమ్మ కోసం తెరకి ముక్కు ఆనించి కూర్చుంది. తెర మీద తెల్లటి మసక తప్ప ఏమీ లేదు. కీబోర్డుల మీంచి చేతులు తీయమని ఆయన అంటే ఒక కుర్రాడు, మరి మా మార్కులెవరు చూస్తారని సణిగాడు.

"మార్కులు రేపూ ఉంటాయిరా గుంటడా. ఈ మొకం మా యమ్మకి రేపుండదు."

వాళ్లు చేతులు దించారు. గళ్లు నెమ్మదిగా ఒకదాన్నొకటి వెతుక్కుని నుదురయ్యాయి, ముక్కయ్యాయి. పెద్దమ్మ తెర మీద కూతురి ముఖాన వేలు పెట్టి, "నా గుంటే," అంది.

మంచు కమ్మిన ఒక ఉదయం సెంటరులో మేమిద్దరమే ఉన్నాం. అయినా బొమ్మ చెదిరింది. ఇప్పుడెవరున్నారు అన్నయ్యా అన్నాను.

"లైను మనొక్కలదే కాదు గదా. మనకి అగుపించనోళ్లూ ఇదే దారంట నడుస్తన్నారు," అన్నారు మామూలుగా, టీ చల్లార్చుకుంటూ. నేను మాత్రం గుమ్మం వైపు చూశాను.

అంత్యక్రియలకి చెల్లెలు రాలేకపోయింది. పెద్దమ్మ కన్నీరు పెట్టలేదు. "నా గుంట సూడకండా కదలనియ్యను," అని మాత్రం అంది. శవపెట్టెను సెంటరు గుమ్మం ఎదుట బల్ల మీద ఉంచారు. కెమెరా తగిలించిన కంప్యూటరు దగ్గర నన్ను కూర్చోబెట్టారు. మిగతా వాటి ముందు ఆయన స్నేహితులు దూరాన ఉన్న ఎవరెవరికో కబురు పంపుతున్నారు. బొమ్మ ముక్కలు ముక్కలుగా ఉంది. కింద చెల్లెలు రాసిన మాట వచ్చింది: "అన్నయ్య ఏ వైపున్నాడు? కనబడటం లేదు."

దాన్ని పైకి చదివాను. ఒక్కొక్కరే పని ఆపి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. ముందు పెట్టె అంచు తేలింది, తర్వాత తెల్ల గుడ్డ, చివరికి ముఖం. చాలాసేపటికి ఒకే మాట వచ్చింది: "చూశాను."

పెద్దమ్మకి చెప్పాను. ఆమె తల ఊపింది. నలుగురు పెట్టె ఎత్తారు. గది ఖాళీ అయింది. కంప్యూటరు ఆపి వెళదామని నేను ఉండిపోయాను. పెట్టె వెంట వెళ్లేవాళ్ల పాట ఇంకా రోడ్డు మలుపు తిరగలేదు. గుమ్మం ఎదుట ఒట్టి బల్ల ఉంది.

ఎప్పుడూ వెనకబడే ఆ తెర మీద మాత్రం ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. గదిలో లైను వాడేవాళ్లెవరూ లేకపోవడంతో బొమ్మ ఎన్నడూ లేనంత తేటగా వచ్చింది. కనుబొమలో తెల్లవెంట్రుకతో సహా కనబడుతోంది. అంతలో ఒక్క క్షణం చెదిరింది, ఎవరో దాటిపోతున్నట్టు.

నేను చేతులు ఒళ్లో పెట్టుకుని, కుర్చీ గోడవైపు జరుపుకుని దారి ఇచ్చాను. తెర మీద, పెట్టె ఎత్తడానికి ఆ నలుగురూ ఇంకా వంగనే లేదు.