పాటకు ముందు మూడు దెబ్బలు

దయ్యాలూ గియ్యాలూ అంటే ముఖం మీదే నవ్వే రకం నేను. మా కేజీఎఫ్‌లో మూతపడిన బంగారు గనుల చుట్టూ అలాంటి కథలకు కొదవ లేదు. మా బట్టల కొట్టుకొచ్చి ఎవరైనా మొదలుపెడితే, చీర చూస్తారా, కథ చెబుతారా అని అడిగేవాణ్ణి.

మా నాన్న గనిలో పని చేసేవాడు. సెలవు ముందు సాయంత్రాలు క్లబ్బు బ్యాండులో క్లారినెట్ వాయించేవాడట. నాకు ఊహ తెలియకముందే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆయన గొంతు గానీ వాయిద్యం గానీ నేను ఎరగను. ఈ వయసులోనూ ఆ బాధ నన్ను వదల్లేదు.

నిరుడు ఫోన్‌లో అరవైల నాటి లౌంజ్ సంగీతాన్ని ఏరి కూర్చిన ఆల్బమ్‌లు కనబడ్డాయి. ఎక్కడో విదేశాల్లో తయారై, అందరూ మరిచిపోయిన రికార్డులు. మెత్తగా, తీరిగ్గా సాగే ట్యూన్లు. మీ నాయన వాయించింది ఇట్లాంటివే అని అమ్మ చెప్పాక, పిచ్చిపట్టినట్టు వినసాగాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం, కేజీఎఫ్‌లోనే కోరమండల్ అనే పేటలో మేముండే పాత గని క్వార్టర్స్‌లో, అమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని కొత్త ఆల్బమ్ పెట్టాను. ఒక పాటలో క్లారినెట్ ఎత్తుకునే ముందు, ఇనుప కడ్డీతో బండను తట్టినట్టు మూడు దెబ్బలు వినబడ్డాయి. రెండు ఖంగుమన్నాయి. మూడోది డొల్లగా పలికింది.

గనిలో పని మొదలుపెట్టేముందు పైబండను అలాగే తట్టి చూసేవాళ్లు. ఖంగుమంటే భయం లేదు, డొల్లగా పలికితే పరుగే. నాన్నకు ఇంట్లోనూ అదే అలవాటట.

మోకాళ్ల నొప్పులతో ఒకరు పట్టుకుంటే తప్ప లేవని అమ్మ దిగ్గున లేచి నా చెయ్యి పట్టుకుంది.

“మీ నాయన తట్టినాడప్పా. డొల్లగా ఉండాది, బయటికి రా.”

మేము గడప దాటామో లేదో, పైకప్పు పెళ్లున ఊడి నా కుర్చీ మీద పడింది. కుర్చీ నుజ్జునుజ్జయింది. ఒళ్లు జలదరించింది గానీ భయం వేయలేదు. దుమ్ములో నిలబడి, ఎవరికో తెలియకుండానే చేతులెత్తి మొక్కాను.

ఆ పాట తరువాత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేరుగా క్లారినెట్‌తోనే మొదలవుతుంది, దెబ్బలు లేవు. ఆ ఒక్కసారి మా ఇద్దరికీ ఎలా వినబడ్డాయో ఇవాళ్టికీ చెప్పలేను.

కప్పు బాగుచేయించాక కూడా వింటున్నాను. నాన్న మళ్లీ తట్టడం లేదని ఒకరోజు అమ్మ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

“కప్పు గట్టిగా ఉండాది కదప్పా,” అంది అమ్మ. “ఇంగెందుకు తడతాడు?”