మద్దమ్మ జుట్టు

బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీకి కూలికి పోయే మద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. కర్నూలు ఆస్పత్రిలో మందులు ఎక్కించాక, నడుం దాకా ఉన్న జుట్టంతా దిండు మీద కుచ్చులు కుచ్చులుగా రాలిపోయింది. జబ్బు నయమైందని డాక్టర్లు చెప్పినా ఆమె తలమీది కొంగు తీయలేదు, అద్దం ముఖం చూడలేదు. మొన్న తల తడుముకుంటే వేళ్లకు జుట్టు అందింది. దువ్వెన తెచ్చుకుని కూర్చుంది. చాలాకాలానికి నవ్వింది.

అది చూసిన అత్త సుంకులమ్మ, "నువ్వు బతికితే నీ తలనీలాలు ఇస్తానని మద్దిలేటి సామికి మొక్కుకుంటి. శనివారం పోయి గుండు చేయిద్దాం" అంది.

ఎవరి తల, ఎవరి మొక్కు? ఇంట్లో ఒక్కరైనా మద్దమ్మను అడిగారా?

మద్దమ్మ దువ్వెనతోనే లేచింది. "ఆస్పత్రిలో రాలిందంతా యాడికి పోయింది అత్తా? అది సామికి చాలలేదా?"

"మొక్కు తీర్చకుంటే సామి ఊరుకుంటాడా?"

"ఆ మంచం మీద సామితో దినామూ మాట్లాడినా. ఒగనాడు గూడా నన్ను జుట్టు అడగల్యా. మొక్కింది నువ్వు. నీ కొప్పు ఉండాది గదా, అది ఇయ్యి."

సుంకులమ్మ చెయ్యి గబుక్కున తన కొప్పు మీదికి పోయింది.